కౌజు ఎముకలు

"ఇవి చూడు ఈరప్పా, కౌజు పిట్టల ఎముకలు! ఇవేమో లేత జింకవి." మహానంది బుట్టలోని ఎముకలను గుడ్డ మీద పరిచాడు. "వెయ్యేళ్ల కిందట ఈ ఇంట్లో ఉన్నది కూలోడు కాదు. బాగా కలిగినోడు."

నందికొట్కూరు దగ్గర పాత ఊరి దిబ్బను తవ్వించడానికి వచ్చిన అధికారి మహానంది. ఆ యేడు వానల్లేక చేలన్నీ బీళ్లు పడ్డాయి. కూలికొచ్చినవాళ్లు పొద్దున తాగిన గంజితోనే సాయంత్రం దాకా తవ్వుతున్నారు.

మేస్త్రీ ఈరప్ప అతని దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "సామీ, ఇట్లాంటి ఎముకలే మన నాగప్ప గుడిసె ఎనక ఉండాయి. కొత్తవి. నా కండ్లారా చూసినా."

"కౌజులా?"

"కౌజులే. సంగటికే గతిలేనోనికి అవి యాడివి? గుంతలో బంగారమేదో దొరికింటాది. దాచి అమ్ముకుంటాండాడు."

మహానంది మనసు చివుక్కుమంది. కూలీలందరిలోకీ నెమ్మదైనవాడు నాగప్ప. పెంకుముక్కను కూడా పసిబిడ్డను ఎత్తినట్టు పైకి తీసేవాడు. అట్లాంటివాణ్ని పోలీసులకు పట్టివ్వడానికి మనసొప్పలేదు. ముందు తానే అడిగి చూద్దామని గుడిసెకు నడిచాడు.

ఈరప్ప చెప్పింది నిజమే. వెనక బూడిదలో కౌజు ఎముకలున్నాయి. లోపల పొయ్యి మీద మాంసం వాసన వస్తోంది.

"ఏమప్పా నాగప్పా, వల ఏసి పట్టినావా?"

"లేదు సామీ."

"కొన్నావా?"

"లేదు."

"మరి ఎట్లొచ్చినాయి? నోరు తెరిచి చెప్పకపోతే నిన్ను నేను కూడా కాపాడలేను. జైలుకు పోతావు."

నాగప్ప తల దించుకుని బూడిదను కాలితో ఎముకల మీదికి తోశాడు. అతని భార్య బసమ్మ లోపలినుంచి పరుగున వచ్చింది.

"చెప్పవేమి? సిగ్గుపడి జైలుకు పోతావా?"

"నువ్వు గమ్మునుండు!"

ఆమె ఉండలేదు. "మాంసం కాదు సామీ. ఉత్త ఎముకలే. ఆ నీళ్లు పిల్లోళ్లకు తాపుతాండా."

"ఉత్త ఎముకలా?" మహానందికి అర్థం కాలేదు. "అవి మాత్రం యాడివమ్మా?"

బసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మహానంది ముఖం చూడలేక నేల చూస్తూ చెప్పింది.

"మీరు తిని పారేసినవే సామీ."