అక్క సర్టిఫికెట్

చెల్లి సంచిలో రెండు జతల బట్టలు సర్ది, వాటి అడుగున నా పదో తరగతి సర్టిఫికెట్ పెట్టాను. చెల్లి పది తప్పింది. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగానికి పది పాసయి ఉండాలి. సాయంత్రానికల్లా దాని మొగుడు వెతుక్కుంటూ వచ్చేస్తాడు. వాడు కొట్టిన దెబ్బకి దాని కంటి కింద వాపు ఇంకా తగ్గలేదు.

"పేరు?" అన్నాను, ఇంటర్వ్యూ చేసే ఆఫీసరులా.

నా పేరు చెప్పింది.

"పుట్టిన తేదీ?"

తడుముకోకుండా నాదే చెప్పింది.

"అంత పొగరుగానా? నేనలా మాట్లాడనే."

"నీలా నసిగితే ఉద్యోగం ఇవ్వరక్కా."

ఇద్దరం నవ్వాం. నవ్వితే దానికి దవడ నొప్పి పుట్టింది.

"పెళ్ళయిందా?"

"లేదండి."

"అక్కచెల్లెళ్ళు?"

"ఒక చెల్లెలు ఉండేదండి. పోయింది."

సంచి మూతి కడుతున్న నా చేతులు ఆగిపోయాయి.

"అవేం మాటలే?"

"వాడు వెతికేది దాన్నే కదక్కా. బతికుందంటే ఎప్పటికైనా దొరుకుతుంది. ఉత్తరాలు రాయను. నువ్వూ రాయకు. ఎవరడిగినా పోయిందనే చెప్పు."

గొడవ సద్దుమణిగాక, నాలుగైదు నెలలకి వచ్చేస్తుందిలే అనుకుంటూ సర్దాను ఆ సంచిని.

"మరి అమ్మ అడిగితే?"

ముడి తనే బిగించి, సంచి భుజాన వేసుకుంది.

ముప్పై ఏళ్ళు నా పేరుతో ఉద్యోగం చేసి, నా పేరుతోనే రిటైరై, నా పేరుతోనే కన్నుమూసిందట. దానితో పనిచేసినావిడ, అది పోయేముందు ఇచ్చిన అడ్రసు పట్టుకుని వచ్చి చెబితే తెలిసింది. ఆ మధ్యాహ్నం రెండు గంటల బస్సెక్కిన మా చెల్లెలు మళ్ళీ ఇంటికి రాలేదు.