ఐదో తారీకు కోత

బెల్టు తీసే ముందు దామోదర్ బ్యాంకు స్టేట్‌మెంటు పైకి చదివేవాడు. శిక్ష వేసే ముందు నేరమేమిటో వినిపించాలి కదా, పెద్దమనిషి!

“గ్యాసూ కరెంటూ కలిపి నూట తొంభై ఎనిమిది డాలర్లు” అన్నాడు. “పోయిన నెల నూట అరవై అయిదు. ఏం చేస్తున్నావే ఇంట్లో? కొలిమి పెట్టావా?”

జయంతి సింకు దగ్గర గిన్నె పట్టుకుని నిలబడింది. ఒంటి మీద స్వెట్టరు, దాని మీద కోటు. ఇంట్లో అంత చలి.

“హీటర్ అరవై ఫారెన్‌హీట్ దాటనివ్వలేదండీ. కావాలంటే చూడండి.”

అతను చూడలేదు. బెల్టు మొదట ఆమె భుజం మీద పడింది, తర్వాత వీపు మీద. గిన్నె కిందపడి దొర్లింది. మూడో దెబ్బకు ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. బకిల్ తగిలి మణికట్టు చిట్లింది.

ఇది 1984 జనవరి మాట. జెర్సీ సిటీలో వాళ్లున్న అపార్ట్‌మెంటు నిజానికి జయంతిది. నర్సుగా ముందు వచ్చింది ఆమె. అద్దె కాగితం, గ్యాసు ఖాతా అన్నీ ఆమె పేరునే ఉన్నాయి. దామోదర్ పెళ్లయ్యాక ఆమె గ్రీన్‌కార్డు పుణ్యమా అని దిగినవాడు. దిగిన నెలలోపే ఆమె జీతం జాయింట్ అకౌంట్‌లో పడేలా చేశాడు. చెక్కుబుక్కు తన సూట్‌కేసులో పెట్టి తాళం వేశాడు. పొద్దున ఆమెను హాస్పిటల్ గుమ్మం దగ్గర దింపేది, సాయంత్రం అదే గుమ్మం దగ్గర ఎక్కించుకునేది అతనే. కాఫీకని రోజుకో పావు డాలరు నాణెం ఆమె చేతిలో పెట్టేవాడు. అంతకుమించి ఒక్క సెంటు ఆమె చేతికి వచ్చేది కాదు.

గ్యాసు బిల్లు కట్టాలని నెలకోసారి ఆమె చెక్కు అడగడం కూడా అతనికి గిట్టలేదు. అందుకే ఆమెతో సంతకం పెట్టించి బడ్జెట్ ప్లాన్‌లో చేర్పించాడు. ఏడాదికి ఎంతవుతుందో కంపెనీ అంచనా వేసి, పన్నెండు భాగాలు చేసి, ప్రతి నెలా ఐదో తారీకున బ్యాంకులోంచి తనే కోసుకుంటుంది. చెక్కు అక్కర్లేదు, స్టాంపు అక్కర్లేదు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

సెప్టెంబరులో అరవై రెండు డాలర్లు పోయాయి. బాగానే ఉంది. అక్టోబరులో తొంభై అయిదు పోయాయి. ఆ రోజు చెంపదెబ్బతో సరిపెట్టాడు. నవంబరులో నూట ముప్పై. జుట్టు పట్టుకుని థర్మోస్టాట్ దాకా ఈడ్చుకెళ్లి, ఆమె నుదురు గోడకేసి కొట్టాడు. డిసెంబరు నుంచి బెల్టు.

కొట్టడం అయ్యాక ప్రతిసారీ ఒకటే మాట.

“వాళ్లకి ఫోన్ చెయ్యి. తగ్గించమను.”

“రేపు డ్యూటీలో బ్రేక్ దొరగ్గానే చేస్తానండీ.”

“నేనే మాట్లాడతా వాళ్ల సంగతి!”

“మీరు చేశారుగా. పేరు నాదని, నాతో తప్ప మాట్లాడం అన్నారుగా.”

అదీ నిజమే. రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ బూతులు తిట్టి పెట్టేశాడు.

మర్నాడు కార్లో అడిగేవాడు. “చేశావా?”

“చేశాను. చూస్తామన్నారు.”

చూడటమంటే ఇదా! వచ్చే నెలకి ఇంకో ముప్పై ఎక్కువ. కంపెనీ పేరు వింటేనే దామోదర్‌కి ఒళ్లు మండిపోయేది. కానీ కంపెనీ ఎక్కడో ఊరవతల ఉంది. జయంతి చేతికందేంత దగ్గర్లో ఉంది.

ఫిబ్రవరి స్టేట్‌మెంటులో రెండు వందల ముప్పై అని ఉంది. ఆ సాయంత్రం అతను పైకి చదవలేదు, బెల్టూ తియ్యలేదు. నేరుగా గొంతు పట్టుకున్నాడు. ఆమె కళ్లు తేలేసే దాకా వదల్లేదు. ఇంకొక్క నిమిషం పట్టుకుని ఉంటే ప్రాణం పోయేదని అతనికి తెలుసు, నేల మీద దగ్గుతున్న ఆమెకీ తెలుసు. ఆ పాపం కూడా కంపెనీదే అనుకున్నాడు దామోదర్. ఇంకోసారి కోత పడితే ఈమె తన చేతుల్లో చచ్చి, తను జైలుకి పోవడం ఖాయం.

మర్నాడు మామూలుగానే ఏడింటికి ఆమెను హాస్పిటల్ దగ్గర దింపాడు. మెడకి స్కార్ఫ్ చుట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆఫీసుకి సెలవు పెట్టి, గ్యాసు కంపెనీకి వెళ్లాడు. వరసలో నిలబడ్డవాళ్లని తోసుకుంటూ కౌంటరు దాకా పోయి, గుద్దిన గుద్దుకి బల్ల అదిరింది.

“మేం గ్యాసు తాగి బతుకుతున్నామా? తియ్యండి నా లెక్క!”

కౌంటరులో నెరిసిన జుట్టాయన చిరునామా అడిగి, ఖాతా కార్డు తెచ్చి చూశాడు. కనుబొమ్మలు పైకెత్తాడు.

“ఖాతా మీది కాదు, సర్. నేను మీకు చెప్పకూడదు.”

దామోదర్ అతని టై పట్టుకుని ముందుకి లాగాడు. ముఖం బల్లకి కొట్టుకుని కళ్లద్దాలు పగిలాయి, ముక్కులోంచి రక్తం కారింది. పరిగెత్తుకొచ్చిన గార్డుని దామోదర్ మోచేత్తో పళ్ల మీద పొడిచాడు. ఇంకో ఇద్దరు మీదపడి అతని చేతులు వెనక్కి విరిచి, ముఖం నేలకేసి అదిమారు. ఎవరో పోలీసులకి ఫోన్ చేస్తున్నారు.

“దొంగల్లారా!” నేల మీంచే అరిచాడు దామోదర్. “పెంచమని మీకెవడు చెప్పాడు? నా డబ్బు ఎవడు తిన్నాడు?”

ముసలాయన రుమాలు ముక్కుకి అదుముకున్నాడు. నిబంధన సంగతి అతనికిక పట్టలేదు. కార్డు తీసుకుని, వరసలో వాళ్లందరికీ వినపడేలా చదివాడు.

“కోత పెంచమని నెలనెలా ఫోన్ చేసింది మిసెస్ జయంతే, ఇవాళ పొద్దున తొమ్మిదింటికి వచ్చి, ఖాతా మూసేసి, ఎక్కువ కట్టిన ఐదు వందల చిల్లర డాలర్లకీ తన పేర చెక్కు తీసుకుని వెళ్లిపోయింది.”