మైకులో అన్న మాట

"మైకులో అన్న మాట కాయితం మీద రాసిస్తరా సేటూ? లేకుంటే గదే మైకుల మాఫీ అడుగుతరా?"

కమిటీ ఆఫీసు గుమ్మంలో నిలబడి నరేష్ అడిగిన తీరుకు హన్మాండ్లు చేతిలో చాయ్ తొణికింది. ఆర్మూర్‌లో ముప్ఫై ఏళ్లుగా పసుపు వ్యాపారం చేస్తున్న మనిషి, ఏడేళ్లుగా వాడ కమిటీకి పెద్ద. మాఫీ అనే మాట ఆయన చెవులతో వినడమే తప్ప నోటితో అన్న పాపాన పోలేదు.

సంగతి చిన్నదే. నిన్న పొద్దున నల్లా నీళ్ల వేళలు చెప్పడానికి మైకు పట్టుకున్న హన్మాండ్లు, దారితప్పి దేశ సమస్యల్లోకి దిగాడు. మగవాడు మగవాణ్ని పెండ్లాడే హక్కు కావాలని కొందరు మళ్లీ అడుగుతున్నారట. "పెద్ద కోర్టు కాదన్నంక గూడ సిగ్గు లేదు. యాడనో ఎందుకు, మన వాడలనే ఉన్నరు! పసుపు పాలిష్ మిషన్ నరేష్, హరీశ్. ఆలుమగల లెక్క కాపురం జేస్తున్నరు" అని, ఆ పైన ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ అచ్చు వేయలేం. వాడలోని పాలు తాగే పిల్లలు సైతం విన్నారు గానీ, పాఠకులు సున్నితమైనవాళ్లు. ఇంతకీ నీళ్లు ఎప్పుడొస్తాయో ఎవరికీ తెలియలేదు.

"నా నోరు, నా ఇష్టం" అన్నాడు హన్మాండ్లు చాయ్ పక్కన పెట్టి. "భావస్వేచ్ఛ అంటరు దాన్ని. రాజ్యాంగంల ఉంది."

పోయిన నెల మురుగు మోరీ తీయించలేదని పాల ఆశమ్మ కమిటీని ఒక్క మాట అంటే, నలుగురిలో నిలబెట్టి ఆమెతో తప్పు ఒప్పించింది ఈ రాజ్యాంగ పండితుడే. అది వేరే సంగతి. ఆమెది బూతు, ఈయనది స్వేచ్ఛ.

"తిట్టిండ్రని నేనేమంటలేను" అన్నాడు నరేష్. అతని మొహం ఉబ్బిపోయి ఉంది. రాత్రంతా ఏడ్చాడు కాబోలని హన్మాండ్లు లోలోపల మురిసిపోయాడు. "ఆలుమగల లెక్క అన్నరు సూడు, దానికి సబూతేది? రేపటిదాక టైమిస్తున్న. సబూతన్న సూపియ్యాలె, మాఫీ అన్న అడగాలె."

"నడువు, జర కూసుందువు" అంటూ హరీశ్ అతని మోచేయి పట్టుకుని తీసుకుపోయాడు.

హన్మాండ్లు పరువు ఇరకాటంలో పడింది. సాక్ష్యం దొరక్కపోతే వాడంతా వినేట్టు తప్పయిందని అనాలి. కమిటీ సెక్రటరీ ప్రశాంత్ చెవి దగ్గర చేరాడు. "కాకా, వెలేసినమని మాత్రం రాయకు. పోలీస్ కేసైతది."

"నేనేమన్న పిచ్చోన్నారా? తిట్టు రాయ, వెలి రాయ. ఉన్నదే రాస్త."

పసుపుకు ధర పెంచమని రైతులు కాళ్లావేళ్లా పడ్డా కుర్చీలోంచి కదలని మనిషి, ఆ పూట సాక్షుల కోసం గడప గడపా ఎక్కి దిగాడు.

"ఒక్కటే పొయ్యా వాళ్లది?" అని ఆశమ్మను అడిగాడు.

"ఒక్కటే. పదకొండేండ్ల సంది పాలు పోస్తున్న, నాకెర్క లేదా? నరేష్‌కు పాణం బాగలేకుంటే హరీశే గంజి కాసి తాగిస్తడు. నా మొగడైతే నేను సస్తున్నా మంచం దిగకపోతుండె!"

"గంత పురాణమొద్దు. ఏలిముద్ర ఎయ్యి."

ఇల్లు కిరాయికి ఇచ్చిన వాహబ్ కూడా సంతకం పెట్టాడు. "మంచి పోరలు సేటూ. వాళ్ల కిరాయి చిట్టీ మీద ఇద్దరి పేర్లున్నయ్" అన్నాడు. మొదటి మాట హన్మాండ్లు చెవికెక్కించుకోలేదు.

మర్నాడు మైకు ముందు కాయితం చదివాడు. "నరేష్, హరీశ్ అను ఇరువురూ ఒకే ఇంట, ఒకే పొయ్యిపై, ఆలుమగల వలె ఒక కుటుంబముగా బతుకుచున్నారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కింద పన్నెండు సంతకాలు, ఒక వేలిముద్ర, కమిటీ గుండ్రటి ముద్ర.

నరేష్ తలవంచుకుని విన్నాడు. "ఎన్నేండ్ల సందో రాయలే" అన్నాడు మెల్లగా.

హన్మాండ్లు కసిగా రాశాడు. పదకొండు.

"మీ ఫోన్ నంబరు?"

"గది గూడ రాస్త! ఎవడన్న అడగనియ్యి, గిదే మాట జెప్త!"

నరేష్ కళ్లు నిండిపోయాయి. హరీశ్ ఆ కాయితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా లోపల దాచుకున్నాడు. మధ్యాహ్నానికి వాళ్లింటికి తాళం పడింది. సిగ్గుతో ఊరిడిచి పోయిండ్రని హన్మాండ్లు మార్కెట్ యార్డు దాకా మిఠాయి పంచాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న పెద్దలు ఆయన్ని చూసి ఉండరు.

వారం తర్వాత, కమిటీ నిండుగా కూర్చున్నప్పుడు ఆయన ఫోన్ మోగింది.

"హన్మాండ్లు గారేనా? హైదరాబాద్ నుంచండీ. నరేష్, హరీశ్‌ల గురించి మీరిచ్చిన కాగితం మా ముందుంది."

టీవీవాళ్లే! తన పేరు హైదరాబాద్ దాకా పాకిందని హన్మాండ్లుకు ఒళ్లు పొంగింది. అందరూ వినాలని స్పీకర్ నొక్కాడు.

"అందులో రాసింది నిజమేనా అండీ?"

"నూటికి నూరు పాళ్లు!"

"వాళ్ల దగ్గర పెళ్లి సర్టిఫికెట్ ఉండదు కదా, మీ మాటే మాకు ఆధారం. రేపు మాట మార్చరు కదా?"

"మాట మార్చుడు మా ఇంటా వంటా లేదు. మొగడు పెండ్లాలన్న గంత దగ్గరుండరు. రాస్కోండ్రి!"

అవతల ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

"థ్యాంక్సండీ, ఒకే కుటుంబమని తేలింది కాబట్టి రేపే హరీశ్ కిడ్నీ నరేష్‌కు పెడుతున్నాం."