ఫోన్‌కి చెవులు

ఫోన్‌లో ఆ ఫోటో చూడగానే శ్రీరంజని గుర్తుపట్టింది. తిరుప్పూరులో తను ఉంటున్న హాస్టల్ గేటు అది. కింద ఒక్క మాట: "కనుక్కున్నాను." పంపినవాడు అరవిందన్, ఆమె వదిలేసి వచ్చిన మొగుడు.

ఆమె ఆ ఫోన్‌ని గాజు బల్ల మీద ముందుకు జరిపింది. వసంతకుమార్ దాన్ని చూసి, "కొత్త నంబరు కూడా తెలిసిపోయిందా అక్కా?" అని తమిళంలో అడిగాడు.

గాంధీపురంలో ఫోన్లు బాగుచేసే చిన్న కొట్టు అతనిది. శ్రీరంజని తల్లి కమలమ్మాళ్ ఏరికోరి పట్టుకున్న కొట్టు. కోయంబత్తూరులో తెలుగువాళ్ల ఫోన్ కొట్లకు కొదవేమీ లేదు. కానీ వాళ్లలో ఎవరు ఎవరికి చుట్టం కాదు గనక? పైగా ఒక్కరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. పొద్దున సిమ్ కొంటే సాయంత్రానికి అల్లుడి చెవిన పడుతుంది. ఈ వసంతకుమార్‌తో ఆ బాధ లేదు. మొదటిసారి వచ్చినప్పుడు తల్లీకూతుళ్ల తెలుగు మాటలు విని, "మలయాళమా అమ్మా?" అని అమాయకంగా అడిగాడు. కమలమ్మాళ్ తడుముకోకుండా అవునంది, సొంతూరు పాలక్కాడు అని కూడా చెప్పింది. ఆ రోజు ఇంటికి వెళ్లేదాకా నవ్వుకుంటూనే ఉంది.

ఇప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. కూతురి కనుబొమ మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగానే ఉంది. కోర్టులో కేసు నడుస్తోంది. సాక్ష్యం చెప్పడానికి ప్రాణాలతో ఉంటే కదా అని అరవిందన్ కబురు పెట్టాడు. అన్నంత పనీ చేసే మనిషి. మొదట సింగానల్లూరులో ఒక మేడ గదిలో దాక్కుంటే, అక్కడికొచ్చి తలుపు బాదాడు. ఇరుగుపొరుగు లేచి రాబట్టి సరిపోయింది. తర్వాత తిరుప్పూరు. ఇప్పుడు అదీ అయిపోయింది.

ఎలా తెలుస్తోందో శ్రీరంజనికి అంతుపట్టలేదు. చుట్టాల గ్రూపుల్లోంచి బయటికొచ్చేసింది. ఫోటోలు తీసేసింది. తానెక్కడున్నదీ ఫోన్ ఎవరికీ చెప్పకుండా చేసింది. ఇవన్నీ దగ్గర కూర్చుని నేర్పింది వసంతకుమారే. కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునేటప్పుడు అతను ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాడు. ఆ మర్యాదకే ఆమెకు అతని మీద గురి కుదిరింది.

అతను ఫోన్‌ని కంప్యూటర్‌కి తగిలించి చాలాసేపు వెతికాడు. దొంగ యాప్ ఒక్కటి కూడా లేదన్నాడు. పోయినసారీ ఇదే మాట చెప్పాడు. "పెద్దమ్మ ఫోన్ ఒకసారి ఇవ్వండి," అన్నాడు.

కమలమ్మాళ్ భయంభయంగా ఇచ్చింది. పోయిన వారం కూతుర్ని చూడబోయి ఆమె తీసిన ఫోటో ఒకటి స్టేటస్‌లో పెట్టినట్టు తేలింది. మల్లె కుండీ, దాని వెనక కాస్త పచ్చ గోడ, అంతే. ఊరి పేరు లేదు, బోర్డు లేదు. వసంతకుమార్ దాన్ని పెద్దది చేసి చూపించి తల ఊపాడు. వెతికేవాడికి ఇది చాలన్నాడు.

కమలమ్మాళ్ స్టూలు మీద కూలబడిపోయింది. "నేనేనా కన్నూ నిన్ను పట్టిచ్చింది?" అని ఏడ్చింది. శ్రీరంజనికి తల్లి మీద కోపం, జాలి ఒక్కసారే వచ్చాయి. ఆమె వీపు నిమిరింది. వసంతకుమార్ టీ తెప్పించి, దిగులుపడొద్దని, ఇద్దరికీ కొత్త సిమ్‌లు వేసి మామూలు బటన్ ఫోన్లు ఇస్తానని ఓదార్చాడు. ఆ పనిలో తలవంచుకున్నాడు.

కమలమ్మాళ్ కళ్లు తుడుచుకుంది. వెనకటికి గోడకు చెవులుంటాయనేవాళ్లు, ఇప్పుడు ఫోన్‌కి ఉంటాయని ఆమెకు గట్టిగా నమ్మకం కుదిరింది. "ముందు అవి ఆపు, కన్నూ. వింటాయి," అంది. శ్రీరంజని పాత ఫోన్లు రెండూ స్విచాఫ్ చేసి బల్ల మీద బోర్లించింది.

"ఈ తూరి యాడికిమ్మా పోయేది?"

"మేట్టుపాళయం. చెన్నమ్మాళ్ ఇంటికి. నాతో మిల్లులో పనిచేసినామె. మనకి చుట్టం కాదు. నీ మొగుడికి ఆ పేరు కూడా తెలీదు."

"ఇల్లు యాడుండాది?"

"వక్కల మండీ వెనక సందులో కడపటిది. నీలం తలుపు. ఇంటికి పోకుండా ఇట్లనే పోతాము."

"ఆమె ఒక్కతేనా ఉండేది?"

"ఒక్కతే. వాడు రాడులే కన్నూ. ఈ తూరి రాలేడు."

వసంతకుమార్ కొత్త ఫోన్లు చేతికిచ్చాడు. నంబరు ఎవరికీ చెప్పొద్దని, ఫోటోలు అసలు వద్దని మళ్లీ హెచ్చరించాడు. సంచీ తనే మోసుకొచ్చి ఆటో ఎక్కించాడు. ఎక్కడికి వెళుతున్నారని మాటవరసకైనా అడగలేదు. అలా అడగనందుకు శ్రీరంజని మనసు నిండింది. లోకంలో ఇలాంటివాళ్లు కూడా ఉన్నారనుకుని, చాలా రోజుల తర్వాత తల్లి భుజం మీద తల ఆనించి కళ్లు మూసుకుంది.

ఆటో మలుపు తిరిగేదాకా వసంతకుమార్ అక్కడే నిలబడ్డాడు. తర్వాత కొట్లోకి వచ్చి, తన ఫోన్ తీసి ఒక నంబరు నొక్కాడు.

"అరవిందన్ బావా, ఈ తూరి మేట్టుపాళయం," అన్నాడు, తెలుగులో.