పళ్లెం దెబ్బ

"ఇద్దరూ కలిసి ఆడిన నాటకం కాదు కదా?" జైలర్ వంగి భీమన్న ముఖంలోకి చూశాడు. "బయటికి పోవడానికి ఇక్కడ రోజుకో వేషం."

భీమన్న నుదుటి నుంచి నెత్తురు చొక్కా మీదికి కారుతోంది. "నాకేం తెల్వదు సార్. బువ్వ తింటున్నం. పళ్లెం ఎత్తి కొట్టిండు."

"ఎందుకు?"

"గదే సమజైతలేదు సార్!"

ఆ ముఖం చూశాక జైలర్ ఇంకేం అడగలేదు. కొట్టిన తోటి ఖైదీ మియాను ఒంటరి గదిలో వేయించాడు. కుట్లు పడే గాయం కాబట్టి భీమన్నను గద్వాల సర్కారు దవాఖానకు పంపాడు.

వ్యాన్‌లో కూర్చున్నా భీమన్నకు ఏమీ తోచలేదు. ఆరు నెలలుగా ఒకే గది. చీరలు నేసే తను, అయిజలో మాంసం దుకాణం నడిపిన మియా ఒకే బీడీ పంచుకున్నారు. "నీ కడుపుల ఏదీ దాగదు భీమన్నా, అంత మొఖం మీదికొస్తది" అని ఏడిపించేవాడు మియా. సోమవారం విడుదల కావలసినవాడు! ఇప్పుడిక వదులుతారా?

నిన్న మియాను చూడడానికి అతని భార్య మెహబూబీ ములాఖత్‌కు వచ్చింది. ఆమె వెళ్లగానే భీమన్న ఆత్రంగా అడిగాడు. "మా స్వరూప సంగతేమన్న చెప్పిందా?"

మెహబూబీ అప్పుడప్పుడు వెళ్లి చూసొచ్చే భీమన్న భార్య స్వరూపకు నెలలు నిండాయి. మొదటి రెండు కాన్పులూ దక్కలేదు. ఒక్కసారి చూసి వస్తానని పెట్టుకున్న అర్జీకి జవాబే లేదు.

"ఏం చెప్పలే" అని మియా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఈ రోజు తింటూ తింటూ, "చేతులు ఎనకకు పెట్టుకో" అన్నాడు మియా. భీమన్న పెట్టుకున్నాడు. అంతే, దెబ్బ! నేతగాడి చేతులకు దెబ్బ తగలకుండా చూసి నుదురు పగలగొట్టడమేమిటి? నొప్పి కంటే అదే భీమన్నను ఎక్కువ బాధించింది.

కుట్లు వేస్తూ డాక్టర్ నవ్వాడు. "తోలే తెగింది. కొట్టినోనికి కొయ్యడం బాగ తెల్సు."

"దోస్తు సార్" అన్నాడు భీమన్న. ఎందుకన్నాడో తనకే తెలియలేదు.

కట్టు కట్టించి కానిస్టేబుల్ శేఖర్ అతన్ని వరండా వెంట నడిపించాడు. కాన్పుల వార్డు గుమ్మంలో మెహబూబీ నిలబడి ఉంది. చేతుల్లో గుడ్డ చుట్టిన పసికందు. వెనక మంచం మీద స్వరూప. భీమన్న కాళ్లు ఆగిపోయాయి.

తలకున్న కట్టు చూసి కూడా ఆమె ఆశ్చర్యపోలేదు.

"గింత ఆలస్యమైందేంది అన్నా?"