రేకు డబ్బా

“మెడల వేస్కో. బ్యాగుల పెడితే వాచ్‌మన్‌కు కనబడదు” అంటూ పురుషోత్తం నీలం తాడున్న గుర్తింపు కార్డును రజిత చేతిలో పెట్టాడు. హైదరాబాదు యాప్రాల్‌లోని ఆ అపార్ట్‌మెంటుకు ఆయనే సెక్రటరీ.

“మీ ఇంట్లనే వంట చేస్తున్న గద సార్. నేను మీకు ఎర్క లేనా?”

“ఎర్కనే. పనోళ్లందరికీ ఇదే రూల్.”

అప్పుడే లిఫ్టు దిగిన కమావు ఆగిపోయాడు. కెన్యా నుంచి చదువుకోవడానికి వచ్చి మూడో అంతస్తులో అద్దెకుంటున్నాడు. తెలుగు బాగానే పట్టుబడింది.

“అంకుల్, తెల్లోళ్లు మా భూములు గుంజుకున్నప్పుడు మా ముత్తాత మెడల సుత గిట్లనే వేసిండ్రు. చిన్న రేకు డబ్బా, దాంట్ల వేలిముద్రల కాగితం. అది లేకుండ బయట తిరిగితే జైలే.”

“దాని పేరు కిపాండే!” పురుషోత్తం ముఖం వెలిగిపోయింది. “నేను హిస్టరీ లెక్చరర్‌గా రిటైరయిన, బాబూ. గా పాఠం చెప్తుంటే నాకు ఏడుపొచ్చేది. మేకకు గంట కట్టినట్టు మనిషికి కడతరా, దుర్మార్గులు!”

కమావు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. రజిత తన కార్డు తిరిగి ఇవ్వబోయింది.

పురుషోత్తం మెల్లగా చెయ్యి విడిపించుకుని సంచిలోంచి ఇంకో కార్డు తీశాడు.

“ఇగో, ఇది నీది. నీకైతే విడమర్చి చెప్పే పని లేదు.”

“కిరాయికున్నోళ్లందరికీనా అంకుల్?”

“వాళ్లు మనోళ్లే గద.”

కార్డు మీద కమావు ఫోటో ఉంది. అతను ఎవరికీ ఫోటో ఇవ్వలేదు.

“గేటు కెమెరాల నుంచి తీసినం” అన్నాడు పురుషోత్తం ఆప్యాయంగా. “నీకెందుకు తక్లీఫ్ అని.”