ఇద్దరు తోడల్లుళ్ళు, ఒక మూత

"అన్నయ్యగారూ, ఈ మూత ఈ బండిది కాదండీ," అన్నాడు చిన్నల్లుడు, పెట్రోలు ట్యాంకు మూత ఊడదీసి తిరగేసి చూస్తూ.

పెద్దల్లుడి గుండెల్లో రాయి పడింది. ఇద్దరూ ఒకే ఇంటి అల్లుళ్ళు. ఇద్దరి దగ్గరా ఒకే ఏడాది ఇంగ్లండులో తయారైన ఒకే రకం మోటారు సైకిలు ఉంది. పాత బళ్ళ ప్రదర్శనలో రెంటినీ పక్కపక్కనే నిలబెట్టారు. ముప్పావు గంటలో తనిఖీ.

"అదేమిటయ్యా, అచ్చం నీ బండి మూతలాగే ఉందిగా!"

"పైకి అలాగే ఉంటుందండీ. అడుగున చూడండి. అసలుదైతే కంపెనీవాడి ముద్ర ఉండాలి." చిన్నల్లుడు తన బండి మూత కూడా తీసి చూపించాడు. రేకు మీద మూడు అక్షరాలు ఉబ్బెత్తుగా కనిపిస్తున్నాయి. పెద్దల్లుడి మూత అడుగున నున్నటి రేకు తప్ప ఇంకేమీ లేదు. "మీకెవడో టోపీ పెట్టాడన్నయ్యగారూ," అని నవ్వుతూ రెండు మూతలూ ఎక్కడివక్కడ బిగించి టీ తాగడానికి వెళ్ళిపోయాడు.

ఆ మూత అమ్మినవాడు పిల్లల మీద ఒట్టేసి మరీ అమ్మాడు. పోయిన నెలలోనే. ఇప్పుడనుకుని ఏం లాభం? ఒక్క భాగం అసలుది కాకపోయినా బండి తప్పినట్టే. వరసగా మూడేళ్ళు తప్పితే ప్రదర్శన జాబితాలోంచి పేరు కొట్టేస్తారు, మళ్ళీ ఎక్కించరు. అటుముందేడు సీటు స్ప్రింగులు. నిరుడు హెడ్‌లైటు అద్దం. తన తండ్రి నడిపిన బండి అది. తుక్కుగా పడి ఉన్నదాన్ని పదకొండేళ్ళ పాటు ఒక్కో నట్టూ వెతికి తెచ్చి నిలబెట్టుకున్నాడు.

అక్కచెల్లెళ్ళిద్దరూ బళ్ళ వెనక మడత కుర్చీలేసుకుని కబుర్లలో ఉన్నారు. "బండి చూస్తూ ఉండు," అని భార్యకి ఒక్క కేక వేసి, మైదానం చివర పాత సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గరికి పరిగెత్తాడు.

"ట్యాంకు మూతలున్నాయా?"

"బస్తాడున్నాయి సార్. మీకెలాంటిది కావాలి?"

కొలత అతనికి కంఠతా వచ్చు. నేల మీద చతికిలబడి ఒక్కొక్కటే తీసి చూశాడు. ఒకటి వెడల్పు ఎక్కువ. ఇంకొకటి మరలది. అట్టడుగున ఒకటి తగిలింది. తిప్పి చూస్తే మూడక్షరాల ముద్ర! ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే మళ్ళీ నీరుగారిపోయాడు.

"దీనికి ట్యాంకుని పట్టుకునే చెవులు మూడున్నాయయ్యా. నాకు రెండు చెవులది కావాలి."

"ఒకటి ఎక్కువుంటే మంచిదే కదా సార్?"

వాడితో వాదించే ఓపిక లేదు. నాలుగు దుకాణాలూ జల్లెడ పట్టి, చేతులకి గ్రీజు పూసుకుని వెనక్కొచ్చాడు. కుర్చీలో భార్య ఒక్కతే కూర్చుని ఉంది. మరదలు మొగుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళినట్టుంది.

"దొరకలేదు," అన్నాడు.

"పోనిద్దురూ. మీరలా కంగారు పడకండి. నేను చెప్పేదేమిటంటే..."

"నువ్వేమీ చెప్పకు! మూతకీ మూకుడికీ తేడా తెలీనిదానివి, నువ్వేం చెబుతావు? వెళ్ళి కాసిని మంచినీళ్ళు పట్రా."

ఆవిడ మూతి ముడుచుకుని లేచి వెళ్ళింది. మైకులో కేక వినిపించింది. తనిఖీవాళ్ళు మూడో వరసలోకి వచ్చారట. అంటే ఈ వరసే.

పెద్దల్లుడి చూపు పక్క బండి మీద పడింది. చూడకూడదనుకుంటూనే చూశాడు. పుట్టి బుద్ధెరిగాక పరాయి సొత్తు ముట్టినవాడు కాదు. తోడల్లుడి బండికి ఇప్పటికి నాలుగు బహుమతులొచ్చాయి. ఒక్క ఏడాది తప్పితే వాడికి పోయేదేమీ లేదు, తన బండికైతే ఇదే ఆఖరు. ఇలా తనకి తానే నచ్చజెప్పుకున్నాడు.

అటూ ఇటూ చూసి, తన బండి మూత తీశాడు. పక్క బండి మూత తీశాడు. చెరొక పావు తిప్పు. ఇది అక్కడ, అది ఇక్కడ. తిప్పి చూసుకునే వ్యవధి కూడా లేదు. చొక్కా అంచుతో చేతులు తుడుచుకుంటుండగా, సమోసా నములుతూ చిన్నల్లుడు రానే వచ్చాడు, వెనకాలే మరదలు. భార్య నీళ్ళ సీసా అందిస్తే పుచ్చుకుని చంకలో పెట్టుకున్నాడు.

తనిఖీకి వచ్చిందొక పెద్దావిడ. మెడలో భూతద్దం, చేతిలో ఎర్ర పెన్ను. ముందు పెద్దల్లుడి బండి సీటు స్ప్రింగులు నొక్కి చూసింది. హెడ్‌లైటు అద్దం మీద గోటితో కొట్టింది. గేరు, కిక్కరు, చైను, అన్నిటికీ తలూపింది. చివరికి ట్యాంకు మూత తీసి, తిరగేసి, భూతద్దం పెట్టి చూసింది.

"ముద్ర లేదండీ. ఇది అసలుది కాదు," అని జాబితాలో ఆ బండి పేరు మీద అడ్డంగా ఎర్రగీత గీసేసింది. అక్కడినుంచి పక్క బండి దగ్గరికి వెళ్ళి దాని మూత కూడా తిప్పి చూసి, "ఇదీ అసలు మూతంటే!" అని మెచ్చుకుంది.

పెద్దల్లుడికి కాళ్ళ కింద నేల కదిలింది. నోరు తెరిచాడుగానీ, ఏమని అడుగుతాడు? తన చేతులతో తనే మార్చానని చెప్పుకోగలడా?

ఇంతలో భార్య అతని మోచెయ్యి గట్టిగా పట్టుకుని, తెల్లబోయిన మొహంతో చెవిలో గుసగుసగా అంది: "అదెలాగండీ? మీరటు వెళ్ళగానే నేనూ చెల్లీ కలిసి ఆ రెండు మూతలూ అటూ ఇటూ మార్చేశాం కదా!"